బి వైపు

రాత్రి రెండున్నరకి
కెమియార్వి డిపోలోంచి మంచు తోసే బండి బయటికి తీస్తాను.
సల్లా దాకా దారి, వెనక్కి అదే దారి.
తోసిన మేరా వెనకే మళ్లీ కురుస్తుంది.
ఈ ఉద్యోగానికి ఓపిక కావాలంటారు.
కాదు, క్యాసెట్లు కావాలి.

ముందే చెప్పేస్తున్నా,
ఒయివా రౌతసలో అంటే చెవి కోసుకుంటాను.
అలాగని ఆయన పాడిందల్లా బంగారం అనను.
మొదటి ఆల్బంలో గొంతు
కొత్త బూట్లేసుకుని నడుస్తుంది,
ఎక్కడ అడుగేసినా కరుస్తున్నట్టే.
రెండోది ఊరంతా నెత్తిన పెట్టుకున్నది,
నాకు మాత్రం ఉత్త వయొలిన్ల వరద.
ఇరవైమంది ఒకేసారి ఏడిస్తే
ఏ ఒక్కరి దుఃఖమూ వినపడదు.
మూడోది, ‘పోస్టాఫీసు వెనక నడక’,
అందులో దొరుకుతాడు మనిషి.
ఒక అకార్డియన్, ఒక బాస్, అంతే.
డబ్బుల్లేక డ్రమ్ములవాణ్ని పిలవలేదట.
చేతిలో పైసా లేకపోవడమే
ఆ ఆల్బంకి సంగీత దర్శకత్వం చేసింది.

సిర్కా మాంతులెహ్తో దగ్గర
నాకూ హన్నెలెకీ పడదు.
హన్నెలెది పగటి షిఫ్టు.
మేం కలిసేది తాళాలు చేతులు మారే నాలుగు నిమిషాలు,
ఆ నాలుగూ పదకొండేళ్లుగా పోట్లాటకే సరి.
“ఆవిడ టాంగో పాడదు, టాంగోకి ఇస్త్రీ చేస్తుంది” అన్నాను.
“నీ ఒయివా ఉతక్కుండానే తొడుక్కుంటాడు” అంది.
ఒప్పుకోలేదు గానీ
ఆ రాత్రి సల్లా దాకా నవ్వుతూనే ఉన్నాను.

కొత్తవాళ్లని వినవేం అంటారు.
విన్నాను. ఔలు కుర్రాళ్ల బృందం ఒకటి,
పన్నెండు పాటల్లో పదకొండు
ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టినట్టుంటాయి,
వెలుగూ చలీ తప్ప తినడానికేం లేదు.
ఏడో పాట మాత్రం వేరు.
మధ్యలో ఎవరో కుర్చీ జరుపుతారు, కిర్రుమని.
దాన్ని చెరిపేయకుండా ఉంచినందుకు
ఇంజను నడుస్తుండగానే, ఒక్కణ్నే,
టోపీ తీసి పక్కన పెట్టాను.

ఇక అసలు సంగతి.
మూడో ఆల్బం, బి వైపు, నాలుగో పాట.
రెండో చరణంలో ‘మంచు’ అనే మాట మీద
ఒయివా గొంతు కాస్త కిందికి జారుతుంది.
అరమెట్టు కూడా కాదు,
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని
కాలు వేసినట్టు.
ఉత్తరం ఇక రాదని
మనిషికి తెలిసిపోయేది సరిగ్గా అక్కడే,
ఈ దేశంలో ఇంకెవరికీ అంత తెగువ లేదని
పందొమ్మిదేళ్లు చెప్పాను.
డిపోలో చెప్పాను, ఆవిరి స్నానంలో చెప్పాను,
బావమరిది పెళ్లిలో బల్ల గుద్ది చెప్పాను.

నాకు యాభై నిండిన రోజున
హన్నెలె ఆ ఆల్బం సిడి కొనిచ్చింది.
వంటింట్లో పెట్టుకుని విన్నాను.
రెండో చరణం. మంచు.
గొంతు జారలేదు.
సర్వేవాళ్లు తాడు పట్టి గీసిన రోడ్డులా
నేరుగా వెళ్లిపోయింది.
మళ్లీ వేశాను. మళ్లీ.
కాఫీ పొంగి పొయ్యి మీద మాడిపోయింది.

పందొమ్మిది చలికాలాలు
హీటర్ గాలి తగిలేచోటే పెట్టాను క్యాసెట్‌ని.
టేపు సాగింది.
నేను దండం పెట్టుకున్నది
ఫోర్త్ గేరు పక్కనున్న ఆ ఇనప జల్లెడకి.

“ఎలా ఉంది?” అంది హన్నెలె, తాళాలిస్తూ.
“శుభ్రంగా ఉంది” అన్నాను.
శుభ్రం అంటే నా నోట తిట్టని
ఆమెకి తెలుసు. ఏమీ అడగలేదు.
నాలుగు నిమిషాల్లో మూడు మిగిలిపోయాయి.

ఈ రాత్రి మైనస్ ముప్పై ఒకటి.
క్యాసెట్టే పెట్టాను.
ఆ చోటు దగ్గరపడుతుంటే
ఎందుకో వేగం తగ్గించాను.
జారింది.
రోడ్డు పక్కన ఒక రెయిన్‌డీర్
లైట్ల వెలుగులో తలెత్తి చూసి
అడ్డం తొలగకుండా నిలబడింది.

ఒకటి మాత్రం చెప్పాలి.
మూడో చరణంలో అకార్డియన్ ఆలస్యంగా అందుకుంటుంది,
క్యాసెట్లోనూ, సిడిలోనూ.
అది హీటర్ మీదికి తోసెయ్యలేను.
ఒయివా, ఆ తప్పు మీదే.