ఒతీలియా పలక

వహాకా సంతలో తెల్లారకముందే
ఒతీలియా సుద్దముక్కతో పలక మీద రోగాలు రాస్తుంది.
నెత్తురు చాలనివాళ్ళకు బీట్‌రూటూ నారింజా.
కడుపుమంటకు బొప్పాయి.
కీళ్ళకు అనాస, పక్కనే చిన్నక్షరాల్లో: నమ్మకముంటే.

దానిమ్మ గొప్పదా జామ గొప్పదా అని
బస్సు డ్రైవర్లు రోజూ పోట్లాడుకుంటారు.
ఆమె ఎవరి పక్షమూ పట్టదు,
ఇద్దరి దగ్గరా చిల్లర పుచ్చుకుంటుంది.

నేను గ్లాసులు కడిగేదాన్ని.
తొక్కల బుట్ట నాది, ఈగలూ నావే.
పిప్పి పారబోసేటప్పుడల్లా అనుమానం,
అసలు సరుకు అమ్ముతున్నామా, పందులకు పంపుతున్నామా?

నిన్న చెప్పులు కుట్టే హసింతో వచ్చాడు.
షుగరు. డాక్టరమ్మ రసాలన్నీ మాన్పించింది.
పలక పైనుంచి కిందదాకా చదివి
"భార్య పోయినవాడికి ఏమీ లేదేం?" అన్నాడు,
నవ్వుతూనే.

ఒతీలియా మర ఆపింది.
ఒక్క నారింజ తీసి, పిండకుండా,
తొక్క ఒలవడం మొదలుపెట్టింది.
తనకో తొన, అతనికో తొన.
గ్లాసైతే రెండు గుక్కలు.
ఈ పండు అయ్యేసరికి
వరసలో ముగ్గురు విసుక్కుని వెళ్ళిపోయారు.

ఈ ఉదయం పలక అడుగున నారింజ బొమ్మ ఉంది.
ధర ఎంత రాయమంటావని అడిగాను.
వినపడనట్టే
అనాస చెక్కుతోంది.