ఊపిరి వెల

గనివాళ్ళు నా ఊపిరితిత్తులకు వెల కట్టారు.
ఎక్స్‌రే బొమ్మను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి
ఎక్కడెక్కడ తెల్లబడిందో చూసి
నలభై ఒక్క వేల మలోటి, అన్నారు.
పంతొమ్మిదేళ్ళ రాతిపొడికి.
ఇంకాస్త తెల్లబడి ఉంటే
ఇంకాస్త వచ్చేదట.

ఇంటి మీద రేకులకు కొంత పోయింది,
కొట్టువాడి బాకీకి కొంత,
మనవరాలి బడికి.
ఇదిగో గుర్రానికి తొమ్మిది వేలు, అంటూ
మపలెసా ఒక గుడ్డలో ముడివేసింది.
వేరే ముడిలో రెండువేల నాలుగు వందలు:
"ఇది చావుల సంఘానికి. కట్టి రసీదు తీసుకురా.
రేపు నువ్వు పోతే
పెట్టెకీ ఎద్దుకీ నేనెవర్ని అడగను?"

కొండ ఎక్కలేను ఇప్పుడు.
పది అడుగులకోసారి నిలబడి
లోయ అందం చూస్తున్నట్టు నటిస్తాను.
పశువుల పిల్లలకు కూడా తెలిసిపోయింది,
"తాతా, ఇవాళ లోయ బావుందా?" అని అరుస్తారు.

సెమొంకొంగ్ సంతలో
ముందు బూడిదరంగు పోతును చూపించారు.
పందేల గుర్రం. పదిహేడు వేలు.
అది నన్ను చూసి, నా రబ్బరు బూట్లు చూసి
తల పక్కకి తిప్పుకుంది.
మంచిదే అయింది.

తర్వాత పొట్సో తన గోధుమరంగుదాన్ని తెచ్చాడు.
ఆరున్నర వేలు, పైగా జీను ఉచితం.
ముడి విప్పబోయాను, నిజంగానే.
మిగిలే రెండున్నర వేలు అప్పటికే
మనసులో ఖర్చు పెట్టేశాను కూడా:
దాణా, నాడాలు, మపలెసాకి ఒక కంబళి.
అప్పుడు దగ్గింది.
చిన్న దగ్గు. పొడిది. లోపల్నుంచి కాదు,
లోపలికి.
"ధూళి," అన్నాడు పొట్సో, "వాన పడితే పోతుంది."
గని డాక్టరూ అదే మాటన్నాడు నాతో,
కాగితం మీంచి తల ఎత్తకుండా:
"ధూళేలే, సెలవుకి ఇంటికెళ్తే పోతుంది."
గుర్రం నుదుటి మీద చెయ్యి వేసి
కాసేపు ఊరికే నిలబడ్డాను.
దానికి ఎవరూ ఎక్స్‌రే తియ్యరు.

మూడోది గోడపక్కన ఉంది.
చెవి చిరిగిన ఎర్రటి ఆడగుర్రం,
అందగత్తె కాదు.
పళ్ళు చూస్తే ఎనిమిదేళ్ళు, అడిగితే ఆరేళ్ళు.
పన్నెండు వేలు.
దాని కుర్రాణ్ణి గుట్టపైకి ఎక్కించి
ఆపకుండా దింపమన్నాను.
దిగగానే ముంజేతి వెనక, డొక్కకి
చెవి ఆనించాను.
జనం నవ్వారు. నవ్వనీ.
లోపల కొలిమి తిత్తి,
శుభ్రంగా, తొందర లేకుండా,
నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఉన్నది
ఎవరో దాచిపెట్టి ఇక్కడ అమ్ముతున్నట్టు.

తొమ్మిది అన్నాను. నవ్వాడు.
పది అన్నాను, నా దగ్గర లేని పది.
జీను తీసేసుకో, కళ్ళెం తాడు చాలు, అన్నాను.
పదకొండు వేల నాలుగు వందల దగ్గర
ఇద్దరం ఆగాం.
అతనికి ఆ నాలుగు వందలు ఎందుకో తెలీదు.
రెండో ముడి పళ్ళతో విప్పుకున్నాను.
సంఘం ఆఫీసు కిటికీ ఎదురుగానే ఉంది,
ఆ గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

కంబళి మడిచి వీపున వేసి ఎక్కాను.
దారంతా మాటలు కూర్చుకున్నాను:
చచ్చాక మొయ్యడానికి దాచిన డబ్బుతో
బతికుండగా మోసేదాన్ని కొన్నాను మపలెసా.
పైకి అని చూసుకున్నాను. గొప్పగానే ఉంది.
కానీ ఆమె దగ్గర గొప్పమాటలు చెల్లవు,
చిల్లర అడుగుతుంది.

కనుమ మీద గుర్రం తనంతట తనే ఆగింది.
అలసి కాదు, గడ్డి కోసం.
కింద లోయ.
ఇన్నాళ్ళూ చూస్తున్నట్టు నటించిందే
చూశాను. నిజమే, బావుంది.

చీకటి పడుతుండగా వాకిట్లో దిగాను.
మపలెసా దీపం ఎత్తి
చెవి చూసింది, గిట్టలు చూసింది,
లేని జీను చూసింది.
తర్వాత నన్ను చూసింది,
దిగి కూడా రొప్పకుండా నిలబడ్డవాణ్ణి.
"ఎంత?"
"తొమ్మిది."
గుర్రం మెడ మీద చెయ్యి వేసి నిమురుతూ,
దానివైపే చూస్తూ అడిగింది:
"మరి సంఘం రసీదు?"