ఒక్క రోజులో ఈజిప్టు

టికెట్టు మీద అలాగే అచ్చేశారు:
ఒక్క రోజులో ఈజిప్టు, భోజనంతో సహా.
చెన్నై తీవుత్తిడల్ మైదానం, మూడో గేటు,
పెద్దప్పడాల కొట్టు దాటాక ఎడమ పక్క.

నేను గైడుని.
అటు నెల్లూరు, ఇటు ఈ పట్నం,
అంతకు మించి భూమి చూసినవాణ్ణి కాదు.
కాంట్రాక్టరు ఇచ్చిన మూడు కాగితాలు
సూళ్లూరుపేట లోకల్లో నిలబడి బట్టీ పట్టాను.
మొదటి వారమంతా రామ్‌సెస్‌ని
రామశేషు అన్నాను. ఎవరూ తప్పు పట్టలేదు.

"తలలు వంచండి, ఇది పిరమిడు,
నాలుగువేల అయిదొందల ఏళ్లు" అంటాను.
తడికె, గోనెపట్టా, పైన ప్లాస్టరు,
వయసు పందొమ్మిది రోజులు.
కూవం కంపు గుప్పుమన్నప్పుడు
నైలునది అటువైపండీ అంటాను.
నవ్వితే చేతిలో పదో ఇరవయ్యో పడతాయి.

మంగళవారం. జనం లేరు.
వ్యానులోంచి పద్నాలుగుమంది పిల్లలు దిగారు,
ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని
గూడ్సుబండిలా మెల్లగా.
ముందు టీచరమ్మ.
ఒక్కరికీ చూపు లేదు.

నా మూడు కాగితాల నిండా
అటు చూడండి, ఇటు చూడండి.
నోరు తెరిచి మూసుకున్నాను.
ముట్టుకోకూడదు అని ఒక బోర్డుంది.
దాన్ని గోడ వైపుకి తిప్పేశాను.

ఇంక చేతులే చేతులు.
కర్నాకు స్తంభాల మీద చీమల్లా పాకాయి.
"సార్, ఇక్కడ పిట్ట."
"ఇది పాము." "పాము కాదురా, నీళ్లు."
సింహానికి ముక్కేదని ఒకడు తగువు.
అసలుదానికే లేదు నాయనా అంటే
"పోన్లే, జలుబు చెయ్యదు" అన్నాడు.
ఇంకొకడు గోడ మీద మనిషిని
అరికాలి నుంచి నుదురు దాకా తడిమి
"మొహం పక్కకి తిప్పుకున్నాడు,
కన్ను మాత్రం మన వైపే ఉందేం సార్?"
ఆ కన్ను పందొమ్మిది రోజులుగా నా వైపే ఉంది.
నాకిప్పటిదాకా తెలీదు.

మూడో కాగితంలో ఒక ముక్క నాకిష్టం.
రాజు పేరు చుట్టూ తాడులాంటి గీత గీస్తారు.
ఆ పేరు చెరిగిపోతే
రాజు రెండోసారి చచ్చినట్టు.
అది మాత్రం తడబడకుండా చెప్పాను.

చివరి స్తంభం అడుగున, ఎవరూ వంగని చోట,
ఎస్తేరు గొంతుక్కూర్చుంది.
"సార్, ఇక్కడో రాజున్నాడు. చుట్టూ గీత ఉంది."
ఎనిమిదో ఏడు దాకా చూపుందట ఆ పిల్లకి,
అక్షరాలు వేళ్లలో మిగిలాయట.
"పెం" అంది. ఆగింది.
"చ. ల.
యకి కింద ఇంకో య.
పెంచలయ్య.
ఏ కాలం రాజు సార్?"

వెంకటగిరి మనిషి. మౌల్డింగు పని.
కూలి తొమ్మిదొందలు, రాత్రి పనికి టీ అదనం.
ప్లాస్టరు తడారకముందే
మేకు మొనతో గీసి ఉంటాడు.
ఇప్పుడు సేలంలో ఐఫిల్ టవరు కడుతున్నాడు.

"రాజు కాదమ్మా, ఇదంతా చేసినాయన" అన్నాను.
"ఉన్నాడా?"
"ఉన్నాడు."
ఒక్కొక్కరి చెయ్యీ పట్టి తెచ్చి
ఆ చోట ఆనించింది.
పులిహోర పొట్లాలు చల్లారిపోతున్నాయని
టీచరమ్మ రెండుసార్లు పిలిచింది.
ఎవరూ కదల్లేదు.

వ్యాను వెళ్లాక బోర్డు మళ్లీ ఇటు తిప్పాను.
ఉద్యోగం మరి.

రాత్రి సేలంకి ఫోను చేశాను.
నీ పేరు చదివిందయ్యా ఒక పిల్ల, అన్నాను,
పద్నాలుగుమంది తడిమారు.
అటువైపు మాట లేదు.
ఎవరో రేకు కొడుతున్న చప్పుడు.
తరవాత గొంతు తగ్గించి అడిగాడు:
"కాంట్రాక్టరు గానీ చూశాడా అన్నా?
ఎంత కోసుకుంటాడంట?"