ఉప్పు డబ్బీలు

మాంతొవా పొగమంచుని కోటు మీదే మోసుకుని
లోపలికొచ్చాను.
"తలుపెయ్, చలి!" అంది గల్లా దగ్గర్నుంచి ఓర్నెల్లా.
ఇక్కడ పలకరింపంటే అదే.

ఆరు బల్లలు. చెవిలో పెన్సిల్‌తో అల్లుడు దావిదె
మెనూ చేతికివ్వడు, నోటితో చెప్తాడు.
చెప్తూ చెప్తూనే
మనకేం కావాలో తనే తేల్చేస్తాడు.

వంటింటి గుమ్మానికి తలుపు లేదు.
ఎనభై మూడేళ్ల నీవెస్
చెయ్యంత కర్రతో పిండిని దుప్పటిలా పరుస్తుంది,
దాని మీద ఉసిరికాయంతేసి గుమ్మడి ముద్దలు,
మడత, నొక్కు,
మడత, నొక్కు.
చూపు ఎప్పుడో మసకేసింది,
వేళ్లకి తెలుసు.

మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాను.
గుమ్మడి తీపి ఉంది, జాజికాయ ఉంది,
వెన్నలో కరకరలాడిన సేజ్ ఆకూ ఉంది.
నాలుక ఇంకా దేనికోసమో వెతుక్కుంటోంది.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందే,
అది.

తలెత్తాను.
ఐదు బల్లల దగ్గర ఐదు ఫోర్కులు గాల్లో ఆగాయి.
సూపు చల్లారిందని పోయినేడాది
రాద్ధాంతం చేసిన రైల్వే గువాల్తియెరో
ముందుగా నమలడం మొదలెట్టాడు.
తర్వాత అందరం.

నీవెస్ ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చింది,
రోజూలాగే బల్లబల్లకీ.
"ఎలా ఉంది?"
"ఎప్పట్లాగే," అన్నాడు గువాల్తియెరో
గిన్నెని రొట్టెముక్కతో తుడిచేస్తూ.
చేపల కొట్టు ఎర్సీలియా ఇంకో ప్లేటు చెప్పింది,
పాపం, డాక్టరు వద్దన్నా.
కిటికీ దగ్గర పిల్లాడు "ఇందులో..." అనబోతే
వాళ్లమ్మ ఆ నోట్లో రొట్టె కుక్కింది.

లెక్క కట్టేటప్పుడు ఓర్నెల్లా నా మొహం చూడలేదు.
రెండు యూరోలు తగ్గించి రాసింది.
నేను మొత్తం ఇచ్చాను.
ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం.

మళ్లీ గురువారం వెళ్తే
నలభై ఏళ్లలో ఎన్నడూ లేనిది,
బల్లబల్లకీ గాజు డబ్బీ,
ఉప్పు చెమ్మగిల్లకుండా లోపల నాలుగు బియ్యపు గింజలు.
నీవెస్ ఒకటి తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.
"ఇవెందుకే?"
"ఇప్పుడిదే ఫ్యాషనమ్మా. అన్ని చోట్లా పెడుతున్నారు."
"నా బల్లల మీదా?" అని
చాలాసేపు అలాగే నిలబడింది.
తర్వాత డబ్బీని తన చేత్తోనే
తిన్నగా, సరిగ్గా బల్ల మధ్యలో పెట్టి
లోపలికెళ్లిపోయింది.

ఆ రోజు ఉప్పు రెండింతలు పడింది.
ఎవరూ ఏమీ అనలేదు.
దావిదె మాత్రం అడక్కుండానే
బల్లకో కూజా నీళ్లు తెచ్చిపెట్టాడు.