కచ్చా కుట్టు

"దారం దేంతో తెంపుతారు?"
డాక్టరు ఎళిలరసి మొదటిరోజు అడిగిన ప్రశ్న ఇది.
నేను జవాబు చెప్పలేదు. నోరు తెరిచే ఉంది కదా,
ముందు పన్ను అంచున పడిన గాటు
ఇరవైరెండేళ్ళ జాకెట్ల లెక్క తానే అప్పజెప్పింది.

ఆవిడ తమిళంలో పల్లు అంటుంది.
నాకేమో ప్రతిసారీ చీర పల్లే కళ్ళలో మెదులుతుంది.
పల్లు వంకర, పల్లుకి చోటు చాలదు,
రెండు పల్లులు తీసెయ్యాలి అంటుంటే
ఎవరి పట్టుచీరో పాడుచేసినదానిలా గుటకలు మింగాను.
తెలుగులో అయితే పన్ను.
వాయిదాల కాగితం చేతికిచ్చాక
ఆ మాటకున్న రెండో అర్థమూ బోధపడింది.

నలభైమూడేళ్ళకి తీగలేంటే, పెళ్ళిచూపులా, అంది
మా ఆడపడుచు కస్తూరి.
కింది పళ్ళు అంగిట్లో గుచ్చుకుని
అన్నం నెత్తుటి రుచి వస్తోందని చెప్పొచ్చు.
అదొక్కటే కాదు కనక చెప్పలేదు.
పురసవాక్కం సందులో మా కొట్టు ఆరడుగులు,
అందులో అద్దం నాలుగడుగులు.
నవ్వొచ్చినప్పుడల్లా కొలత టేపు
నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని.

చిగుళ్ళు బాగయ్యేదాకా తీగ ముట్టనంది డాక్టరు.
చివికిన గుడ్డ మీద ఎంత మంచి కుట్టయినా పిగిలిపోతుందని
నాకొకరు చెప్పాలా,
రెండు నెలలు ఆగాను.

బిగించిన రాత్రి ఇడ్లీ కూడా రాయే.
మూడు రోజులు పిసికిన రసమన్నం.
బుగ్గ ఒరుసుకున్న చోట మైనం ముద్ద.
మురుకులు వద్దు, కమ్మర్‌కట్టు వద్దు,
బీచిలో మొక్కజొన్న కంకి వద్దు,
ఒలుచుకుని గింజ గింజా తినొచ్చు గానీ
అలా తినేదానికి సముద్రం దాకా ఎందుకు?
సూదిలో దారం ఎక్కించేంత ఓపికతో
తీగ కింద బుల్లి బ్రష్షు, ప్రతి తిండికీ.

పండగ రద్దీలో ఓ సాయంత్రం
చెయ్యి కత్తెర కోసం వెతకలేదు, పన్నే వెళ్ళింది.
టిక్.
బ్రాకెట్టు ఊడి నాలుక మీద గుండీలా దొర్లింది.
ఒకటే కదా, వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను.
ఆ నెలలో ఆ పన్ను వెనక్కి నడిచింది.
లెక్కలో ఇంకో రెండు నెలలు కలిశాయి.

ఎముకలో నాటుకున్నది ఎలా జరుగుతుందమ్మా అని అడిగాను.
ముందువైపు ఎముక కరుగుతుందట,
వెనకవైపు కొత్తది పడుతుందట.
ఒక పక్క విప్పుతూ, ఒక పక్క కుడుతూ.
తొందరపడి గట్టిగా లాగితే వేరు అరుగుతుందట.
ఇంత నెమ్మదైన దర్జీ
నా నోట్లోనే ఉన్నాడని నాకు తెలీదు.

జాకెట్టు సరిచూసుకోడానికొచ్చిన కాలేజీ పిల్ల యాళిని
తన అలైనరు టిష్యూలో చుట్టి మరిచిపోయింది.
మర్నాడు ఏడుపు మొహంతో వచ్చింది.
ఇద్దరం గోనెసంచిలో ముక్కల గుడ్డలన్నీ బోర్లించాం,
ఆకుపచ్చ సాటిన్, జరీ అంచులు, లైనింగు పీలికలు.
అడుగున దొరికింది, గాజుపురుగులా.
రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటావన్నాను.
"ఇంట్లో ఉన్నప్పుడు అక్కా."
ఇరవైరెండు గంటలు కదే!
కనపడదు కదా అని డాక్టరుకి అబద్ధం చెప్పొచ్చు,
పన్నుకి చెప్పలేవు.
ఖాళీ బాబిన్ డబ్బా ఒకటి ఇచ్చాను, దాచుకోమని.

తీగలు విప్పిన రోజు
నాలుకకి నా పళ్ళు ఎవరివో అనిపించాయి.
అయిపోయింది అనుకుని లేచానా,
రాత్రులకి రిటైనరు చేతిలో పెట్టింది.
పన్ను పాత చోటు మరిచిపోదట,
వదిలితే అటే పోతుందట.
ఎన్నాళ్ళమ్మా?
డాక్టరు నవ్వింది, అంకె చెప్పలేదు.

ఇప్పుడు కత్తెర మెడలో నాడాకి వేలాడుతుంది.
అయినా దారం చివర వచ్చినప్పుడు
తల దానంతటదే కొంచెం వంగుతుంది.

నిన్న కస్తూరి వచ్చింది, రెండు జాకెట్లతో.
మెడ లోతు చెప్పింది, చేతుల పొడుగు చెప్పింది.
వెళ్ళబోతూ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని,
అన్నీ కలిపి ఎంతయిందే అంది.
ముందు చిగుళ్ళు చూపించుకో అన్నాను.