తోక కాడ చూడు

రాత్రి పదకొండున్నరకి
మామిడిగుజ్జు డబ్బాలో తెచ్చారు దాన్ని.
పైన తోతాపురి వాసన, అడుగున చచ్చిన పాము.
"ఇదే సిస్టర్, మా దొరవేలును కరిచింది ఇదే"
అంటూ ఏకాంబరం నా బల్ల మీదే మూత తీశాడు,
ఓపీ చీట్ల పక్కన.

పెన్సిలంత లావు కూడా లేదు. ఎండిన మట్టి రంగు.
తల ఉండాల్సిన చోట ఇటుకపొడి.

అందరూ తలే కొడతారు.
చిత్తూరు పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా:
చెప్పుతో, పారతో, సైకిలు గొలుసుతో,
ఒకామె అయితే రుబ్బురోలు పొత్రంతో.
తోక జోలికి ఎవరూ పోరు.
దాని ఊరూ పేరూ ఉండేది అక్కడే.

నాకు నేర్పింది అటెండరు చెంగల్రాయుడు,
ఆరిన అగ్గిపుల్లతో తిరగేసి:
"కట్లపాముకి చారలు మెడ కాడ మసక,
తోక కాడికి పోయేకొద్దీ తేట.
దాని యాసం కట్టిన బోడిదానికి మెడ కాడే దిట్టం,
తోక కాడికి రంగు అయిపోతాది,
సున్నం చాలని గోడ మాదిరి.

ఇంక ఈ నల్లతల సన్నదాన్ని చూడు.
తోకకు రెండు నల్లుంగరాలుంటే ఎడంగా ఉండు.
పొట్ట పగడం, తోక కింద నీలం.
బెదిరిస్తే ఆ తోకే సుడి తిప్పి చూపిస్తాది,
చెప్పకుండా చెయ్యెత్తని మనిషి మాదిరి.
ఉంగరాల్లేవా, నలికిరి పిల్లల్ని తిని బతికే పిచ్చిది.
వదిలెయ్ మేయ్."

పటకారుతో తిప్పాను.
ఉంగరాల్లేవు.
పొట్ట పసుపు, అరిగిన కొమ్ము రంగు.
"చెప్పండి సిస్టర్" అన్నాడు ఏకాంబరం.
చెప్పబోయి ఆగాను.

"దొరవేలూ, కరిచినప్పుడు చూసినావా దాన్ని?"
"యాడ చూస్తా మేడం! ఇటుకలు తీస్తావుంటే చురుక్కుమనింది.
వీళ్లు ఎతికితే ఇది దొరికింది."

దొరికింది.
దొరికిందానికీ కరిచిందానికీ నడుమ
ఒక ఇటుకల కుప్ప, దాని నిండా చీకటి.

మూత పెట్టేసి కుర్చీ లాక్కున్నాను.
తోక చదవడం అయిపోయింది, ఇక రెప్పలు చదవాలి.
"నా వేలు చూడు. పైకి. ఇంకా పైకి."
గాజుగొట్టంలో రక్తం, గోడగడియారంలో ఇరవై నిమిషాలు.
మళ్లీ వేలు. మళ్లీ పైకి.
"నిద్రొస్తాంది మేడం."
"నిద్దరేనా? ఏదీ, కళ్లు తెరువు."

ఐదున్నరకి రెప్పలు నిలబడే ఉన్నాయి.
బన్నొద్దు, సంగటి కావాలన్నాడు.
డాక్టరు రేపటిదాకా కదలొద్దన్నాడు.

డ్యూటీ దిగి, సైకిల్ స్టాండు వెనక
గన్నేరు మొదట్లో గుంట తీశాను.
ఇటుక పడేముందు
ఇదీ తోక తిప్పే ఉంటుంది.
చూపించడానికి దాని దగ్గర ఏ రంగూ లేదు.

డబ్బా కడిగి ఇమ్మన్నాడు ఏకాంబరం,
ఫ్యాక్టరీ లెక్కలో ఉందంట.