ఒకటింబావుకి పిసరు తక్కువ

వరద తీసిన మూడోనాడు
గుణుపురం వంతెన మీద పెట్టె మూత విప్పాను.
నాలుగు మరల్లో రెండు తుప్పు.
లోపల చీమల దండు, గుడ్లతో సహా.
సోలారు పలక వంశధారతో పోయింది.
మిగిలింది రూపాయి బిళ్ళంత బ్యాటరీ,
మీటరు ఆనిస్తే
రెండు వోల్టుల మీద కొనప్రాణం.

చిప్పు మాత్రం ఏదీ మరిచిపోలేదు.
పావుగంటకో అంకె, ఏరు ఎంత ఎత్తున వచ్చిందో.

ఎలియా గొమాంగో గొడుగు పట్టాడు,
నాకు కాదు, పెట్టెకి.
"సచ్చిపోతన్న బేట్రీ మాట
ఎలాగ నమ్మీడం?" అన్నాడు.

నిజమే. కొలిచే చెయ్యే కుంగిపోతుంటే
ఏది సున్నా, ఏది ఒకటి?

సంతలో కందులు కొలిచే
అతని చెల్లెలి అడ్డ గుర్తు చేశాను.
బస్తా నిండుగా ఉన్నా, అడుగంటినా
అడ్డ అడ్డే కదా.
దీని లోపలా ఒక అడ్డ ఉంది ఎలియా,
ఈ చీమ కాలి గోటికన్నా చిన్నది.
వేడికి తగ్గే గుణమొకటి,
వేడికి పెరిగే గుణమొకటి,
ఒకదాని లోటు ఒకటి పూడ్చేలా కలిపారు.
రేకు కాలే మే నెలలో, పుష్యమాసం మంచులో
అది ఒకటింబావుకి పిసరు తక్కువ.
బ్యాటరీ మూడుండనీ, రెండుండనీ.

"మరి దానికి తిండొద్దేటి?"

కావాలి. అందుకే పడుకుంటుంది.
రెప్పపాటు లేచి
బొట్టంత కెపాసిటరు నింపి
మళ్ళీ పడుకుంటుంది.
బొట్టు కారుతూనే ఉంటుంది.
మరీ కారిపోకముందే లేవాలి.
ఆ "ముందే" అన్నదే పనంతా.

అతను నవ్వి, చొక్కా లోంచి
ప్లాస్టిక్ కవరులో చుట్టిన పుస్తకం తీశాడు.
ఒడియా అంకెలు, పెన్సిలు, వాన మచ్చలు.
పంపు షెడ్డు బల్ల మీద కునుకు,
లేచి టార్చి, స్తంభం మీది గీత, రాత,
మళ్ళీ కునుకు.

వేళ్ళు పెట్టి పోల్చుకున్నాం.
పన్నెండుంబావు, సరి.
ఒంటిగంట, సరి.
రెండుంబావు దగ్గర అతనిది ఖాళీ.
"కునికీసేను," అన్నాడు, ఏటికేసి చూస్తూ.
చిప్పులో ఉంది: ఆరు మీటర్ల నలభై.

మూడున్నరకి చిప్పు
తొంభై తొమ్మిది మీటర్లంది!
ఎలియా గొడుగు ఊగేలా నవ్వాడు.
"దుంగ కొట్టింది. సప్పుడు ఇన్నాను నాను."
అతని పుస్తకంలో ఏడు,
కింద రెండు గీతలు, పెన్సిలు విరిగేంత గట్టిగా.

తొంభై తొమ్మిది కొట్టేసి ఏడు రాశాను.
ఆధారం ఏమిటని అడిగే గడిలో
గొమాంగో అని రాసి, కాస్త ఆలోచించి
ఎలియా అని కూడా చేర్చాను.

కొత్త బ్యాటరీ వేసినా
మూత వెంటనే బిగించలేదు.
గుడ్లు మోసుకుని చీమలు
ఒక్కొక్కటే బయటికి వెళుతున్నాయి.
ఇద్దరం ఆగాం.